పటాటోపంలో పాము

ఎన్నికలొచ్చినా, పెళ్ళిళ్ళ సీజనొచ్చినా మన పేపర్లలో ఖాయంగా కనపడే మాట ఒకటుంది, పటాటోపం. "పటాటోపమే తప్ప పని శూన్యం", "పటాటోపంగా శంకుస్థాపన చేశారు, ఆ తర్వాత ఒక్క ఇటుక పడలేదు", ఇట్లా. వినగానే అర్థమైపోతుంది, హంగామా ఎక్కువ సరుకు తక్కువ అని, పైన పటారం లోన లొటారం అని. అంత తేలిగ్గా అర్థమైపోతుంది కాబట్టే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అడగాలనిపించదేమో. కొంతమంది అందులో పటం అనే ముక్క చూసి ఫ్లెక్సీలూ కటౌట్లూ గుర్తు తెచ్చుకుంటారు, అది కూడా భలే అతుకుతుంది, ఏ సభకి వెళ్ళినా ముందు కనపడేవి పటాలే కదా. కానీ దీనికీ పటానికీ సంబంధం లేదు, ఇది పాము పడగ గురించిన మాట.

సంస్కృతంలో ఫట అన్నా, స్ఫట అన్నా, ఫణ అన్నా పడగే. అమరసింహుడు రాసిన పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో మొదటి కాండలో పాతాళభోగి వర్గం అని ఒకటుంది, పాముల పేర్లన్నీ అక్కడే, అందులో "స్ఫటాయాం తు ఫణా ద్వయోః" అని వస్తుంది. ఇక ఆటోపం అంటే ఉబ్బడం, పొంగడం, విర్రవీగడం. ఫట, ఆటోపం కలిస్తే ఫటాటోపం, చిన్నప్పుడు బట్టీ పట్టిన సవర్ణదీర్ఘ సంధే. పాము మెడ భాగాన్ని వెడల్పు చేసి పైకి లేచి నిలబడ్డం అన్నమాట. తెలుగు నోటికి ఒత్తులు అంతగా పడవు కాబట్టి ఫ కాస్తా ప అయిపోయి పటాటోపం మిగిలింది. అన్నట్టు ఈ ఆటోపం అనే ముక్క ఆయుర్వేదంలో విడిగా కూడా ఉంది, అక్కడ దానర్థం కడుపుబ్బరించి లోపల గుడగుడమనడం. గాలి తప్ప ఏమీ ఉండదు, చప్పుడు మాత్రం పక్కవాళ్ళకి కూడా వినిపిస్తుంది. కొందరి ప్రసంగాలు వింటున్నప్పుడు నాకు ఈ అర్థమే ముందు గుర్తొస్తుంది, ఏం చేయను.

సరే, పడగ విప్పడం అనే మాట డాబుకి ఎట్లా వచ్చింది? దీనికి ఒక శ్లోకం ఉంది, పంచతంత్రంలో వస్తుంది, చాణక్య నీతి పేరుతో తిరిగే శ్లోకాల్లో కూడా వస్తుంది, ఒక్కో ప్రతిలో ఒకటి రెండు మాటలు అటూ ఇటూ అవుతాయి.

నిర్విషేణాపి సర్పేణ కర్తవ్యా మహతీ ఫణా
విషం భవతు మా వాస్తు ఫటాటోపో భయంకరః

విషం లేని పాము అయినా సరే పెద్ద పడగ విప్పాల్సిందే, విషం ఉంటే ఉండనీ లేకపోతే లేకపోనీ, ఆ పడగ విప్పడం చాలు భయపెట్టడానికి, అని. ఇక్కడ ఒక సంగతి చూడండి, శ్లోకం పాముని తిట్టట్లేదు. "ఛీ, విషం లేకుండా ఈ డాబేంటి" అనట్లేదు. కర్తవ్యా అంటోంది, అంటే చేసి తీరాలి అని సలహా ఇస్తోంది. ఎవరికి సలహా? బలం లేనివాడికి. విషమున్న పాముకి ఈ సలహాతో పనే లేదు, కాటేసి పోతుంది. మనం ఇవాళ ఎగతాళికి వాడుకుంటున్న మాట ఒకప్పుడు బక్కవాడికి చెప్పిన బతుకుతెరువు అన్నమాట. నాకు ఈ మాట మీద మోజు పెరిగింది అందుకే.

ఇది కవి ఊహించి రాసింది కూడా కాదు. విషం లేని పాములు నిజంగానే ఈ పని చేస్తాయి. కృష్ణా డెల్టాలో కాలవల పక్కన పెరిగినవాళ్ళకి నీరుకట్టె తెలుసు, బోదెల్లో వరిచేలల్లో కప్పల కోసం చేపల కోసం తిరిగే పాము, ఒంటి మీద గళ్ళుగళ్ళుగా ఉంటుంది. దానికి మనిషిని చంపే విషం లేదు. కానీ దారి మూసుకుపోయేలా చుట్టుముడితే తల పైకెత్తి మెడని అప్పడంలా పలచగా చేసి ఊగుతుంది చూడండి, మసక వెలుతురులో ఎవరైనా తాచే అనుకుంటారు. మా తాతయ్య చేలో నీళ్ళు మళ్ళించేటప్పుడు ఒకసారి నేను "తాతయ్యా, తాచు తాచు" అని గట్టెక్కి అరిస్తే ఆయన పార గట్టున గుచ్చి తాపీగా చూసి, "అది నీరుకట్టెరా, పాపం దానికే గుండె దడగా ఉంది, నువ్వు అరవమాక, దానికి దారియ్యి" అన్నాడు. దారిచ్చాం. మెడ మామూలుగా చేసుకుని జరజరా నీళ్ళలోకి జారిపోయింది, అంతసేపు అంత హడావుడి చేసిన పామేనా ఇది అనిపించింది. (అలాగని మీరు పొలంలో పాముని చూసి మెడ వెడల్పు కొలుస్తూ నిలబడకండి, ఏ పామైనా దూరం జరగడమే మంచిది.)

అసలు తాచుపాము సంగతే చూడండి. దానికి విషం ఉంది, అయినా పడగ విప్పేది కాటేయడానికి కాదు, కాటేసే అవసరం రాకుండా చూసుకోవడానికి. మెడ దగ్గర పక్కటెముకలు పొడవుగా ఉంటాయి, వాటిని పక్కలకి చాపితే చర్మం సాగి పడగ అవుతుంది. భయపడ్డప్పుడు, ఇబ్బంది పడ్డప్పుడు విప్పుతుంది. పాములవాడు నాగస్వరం ఊదుతుంటే పాము ఆడుతోంది అని మనం మురిసిపోతాం గానీ అది పాటకి ఆడట్లేదు, ఎదురుగా ఊగుతున్న ఆ నాగస్వరం బుర్రని చూసి బెదిరి పడగ విప్పి అది ఎటు కదిలితే అటు తిరుగుతోంది. విసురుగా ముందుకొచ్చి నోరు తెరవకుండానే తల కొట్టి వెనక్కి పోవడం కూడా తాచు చేస్తుంది, ఉత్త బెదిరింపు అది. ఇంకోపక్క కట్లపాము ఉంది. పడగా లేదు ఏమీ లేదు, నల్లగా సన్నగా తెల్లటి పట్టీలతో, రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కాటేస్తే చాలాసార్లు నొప్పి కూడా పెద్దగా తెలియదు, దాని విషం మాత్రం మన దేశపు పాముల్లో చాలా ప్రమాదకరమైన వాటిలో ఒకటి. నీరుకట్టెకి పటాటోపం ఉంది విషం లేదు, కట్లపాముకి విషం ఉంది పటాటోపం లేదు. మనుషుల్లో కూడా నేను భయపడేది ఈ రెండో రకానికే.

పడగ అనేసరికి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. "కోటికి పడగలెత్తినవాడు" అంటాం కదా డబ్బున్నవాణ్ణి, అది విన్నప్పుడల్లా చాలామంది కళ్ళ ముందుకి లంకెబిందెల మీద పడుకున్న పామొస్తుంది. ఇక్కడ మాత్రం పాము లేదు. పాత తెలుగులో పడగ అంటే జెండా అనే అర్థం కూడా ఉంది. కోటి కూడబెట్టినవాడు ఇంటి మీద జెండా ఎత్తేవాడు, అదీ దీని వెనక సంగతి అని పెద్దవాళ్ళు చెప్తారు. అంటే పాము లేదనుకున్న పటాటోపంలో పాముంది, పాము ఉందనుకున్న కోటి పడగల్లో లేదు. పైగా ఇంటి మీద జెండా ఎత్తి "నా దగ్గర కోటి ఉందహో" అని చాటుకోవడం పటాటోపమే కదా అని మీరు అడగొచ్చు. నేనైతే కాదంటాను, వాడి దగ్గర నిజంగానే కోటి ఉందిగా. దానికి ఆడంబరం అనే మాట సరిగ్గా సరిపోతుంది.

ఆడంబరానికి కూడా పుట్టుక చూస్తే సరదాగా ఉంటుంది. అమరకోశంలోనే, మూడో కాండలో నానార్థ వర్గంలో, "ఆడంబరస్తూర్యరవే గజేంద్రాణాం చ గర్జితే" అని ఉంది, అంటే వాద్యాల మోత, ఏనుగుల ఘీంకారం. బ్యాండు మేళం, ఏనుగులు, ఊరేగింపు వస్తోందని రెండు వీధుల అవతల నుంచే తెలిసిపోవడం, అక్కణ్ణుంచి గొప్ప చూపించుకోవడం అనే అర్థానికి వచ్చింది. ఆ లెక్కన నిరాడంబరుడు అంటే బ్యాండు లేకుండా వచ్చినవాడు. మన నిరాడంబర నాయకుల వెనక ఎన్ని సైరన్లు మోగుతుంటాయో చూస్తే అమరసింహుడు ఏమనుకునేవాడో మరి. సరే, ఆడంబరంలో ఉన్నదాన్ని మోగించడం ఉంది, పటాటోపంలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం ఉంది. రోజువారీ మాటల్లో రెండూ కలిపేస్తాం, పర్వాలేదు గానీ తేడా తెలిస్తే వాడేటప్పుడు మజాగా ఉంటుంది.

వీటి పక్కనే భేషజం అని ఇంకోటి ఉంది. "భేషజాలు పక్కన పెట్టి చర్చలకి రండి" అని పేపర్లలో రాస్తారు. సంస్కృతంలో భేషజం అంటే మందు, ఔషధం. విష్ణు సహస్రనామంలో రోజూ చదువుతాం, "నిర్వాణం భేషజం భిషక్" అని, మందూ నువ్వే వైద్యుడూ నువ్వే అని దేవుణ్ణి అంటున్నాం అక్కడ. రుద్రంలో కూడా "శివా రుద్రస్య భేషజీ" అని వస్తుంది. ఇరాన్ వైపు కూడా దీని చుట్టాలున్నాయి, పారసీలో డాక్టర్‌ని పెజెష్క్ అంటారు, మన భిషక్కుకి దూరపు తమ్ముడే. మందు కాస్తా మన దగ్గర మొహమాటపు గొప్ప ఎట్లా అయ్యిందంటే నా ఊహ ఒకటుంది, వేషం అనే మాటని ఉత్తరాది భాషల్లో భేస్, భేష్ అంటారు, ఆ శబ్దం వచ్చి దీని మీద కూర్చుని ఉంటుంది అని. ఊహే లెండి, దీని మీద ఎవరూ పీహెచ్‌డీ మొదలుపెట్టకండి.

అసలు చెడ్డది ఏదంటే నా దృష్టిలో దంభం. దాన్నే మనం డాంబికం అంటున్నాం. గీతలో పదహారో అధ్యాయంలో ఆసురీ సంపద, అంటే రాక్షస గుణాల లిస్టు మొదలయ్యేదే దంభంతో, "దంభో దర్పోఽభిమానశ్చ" అని. కృష్ణమిశ్రుడు అని 11వ శతాబ్దపు ఆయన, ప్రబోధచంద్రోదయం అని ఒక నాటకం రాశాడు, అందులో పాత్రలన్నీ గుణాలే, వివేకం మోహం శ్రద్ధ ఇట్లా. మన వాళ్ళు నంది మల్లయ, ఘంట సింగయ అనే జంట కవులు 15వ శతాబ్దంలో దాన్ని తెలుగు పద్యకావ్యం చేశారు. అందులో దంభుడు కాశీలో మఠం పెట్టుక్కూర్చుంటాడు. అక్కడికి అహంకారుడు వస్తే లోపలికి రానివ్వరు, కాళ్ళు కడుక్కోమంటారు, కడుక్కుని వస్తే దూరంగా నిలబడమంటారు, ఎందుకయ్యా అంటే గాలికి నీ ఒంటి చెమట తుంపరలు ఇటు ఎగిరొస్తాయి అని. ఇంతటితో ఆగితే బాగుండు. దంభుడు చెప్పుకుంటాడూ, నేను ఒకసారి బ్రహ్మలోకానికి వెళ్తే మునులందరూ ఆసనాలు వదిలి లేచారు, బ్రహ్మదేవుడు ఒట్లేసి బతిమాలి తన తొడని పేడనీళ్ళతో శుద్ధి చేసి మరీ దాని మీద నన్ను కూర్చోబెట్టుకున్నాడు అని. చివరికి తేలేదేంటంటే ఇద్దరూ చుట్టాలే, దంభుడి తండ్రి లోభుడు, తాత ఈ అహంకారుడు. తాతని గుమ్మం దగ్గర నిలబెట్టి కాళ్ళు కడిగించాడన్నమాట మనవడు.

చూశారా, ఇక్కడ పాము లేదు, భయం లేదు. దంభుణ్ణి ఎవరూ తరమట్లేదు, వాడు దండం పెట్టించుకోవడం కోసం వేషం వేశాడు. పడగ విప్పిన పాము నా జోలికి రాకండి అంటుంది, దంభుడు రండి నా కాళ్ళకి మొక్కండి అంటాడు. ఈ రెండిట్నీ ఒకే గాటన కట్టెయ్యడం నాకు నచ్చదు.

ఇది ఎందుకంటున్నానంటే, మధ్యతరగతి ఇళ్ళలో జరిగేది ఎక్కువ పడగ వ్యవహారమే. మా పిన్ని వాళ్ళమ్మాయి పెళ్ళిచూపులు మే నెలలో పెట్టారు, తెనాలిలో. ముందు గదిలో ఏసీ ఉంది, చాలాకాలంగా అందులో గ్యాస్ లేదు. గ్యాస్ పట్టించే టైమ్ దొరకలేదు, కానీ వచ్చినవాళ్ళ ముందు ఏసీ ఉండి కూడా వెయ్యకపోతే ఏమనుకుంటారోనని ఆన్ చేశారు. బుర్రుమని చప్పుడొస్తోంది, మూత మెల్లిగా తెరుచుకుంది, పచ్చ లైటు కూడా వెలిగింది, గాలి మాత్రం వేడిగాలే. తలుపులూ కిటికీలూ మూసేశారు, ఏసీ గది కదా మరి. నేను ఫ్యాన్ వెయ్యబోతే పిన్ని కళ్ళతోనే ఆపి వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఒరే, ఫ్యాను వేస్తే ఏసీ పనిచెయ్యట్లేదని తెలిసిపోదూ?" అంది. పెళ్ళికొడుకు నాన్నగారు కండువాతో మెడ తుడుచుకుంటూ, "బాగా చల్లగా ఉందండీ మీ గది" అన్నారు. మా బాబాయ్, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది, "పాత మోడలేనండీ బావగారూ, కూలింగు మాత్రం అద్భుతం" అన్నాడు. ఇంకా ఏమీ కుదరకముందే బావగారు అనేశాడు చూడండి, అదొకటి. అరిసెలు తిన్నారు, కాఫీ తాగారు, ఒక్కళ్ళు కూడా ఫ్యాన్ మాటెత్తలేదు. ఇంతలో వాళ్ళ డ్రైవర్ గుమ్మంలోకొచ్చి మెల్లగా అన్నాననుకుని అందరికీ వినపడేట్టు, "సార్, ఆరింటికల్లా బండి ఓనర్‌గారికి అప్పజెప్పాలండీ" అన్నాడు. పెళ్ళికొడుకు తల్లి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. మా పిన్ని అదేమీ విననట్టు "ఇంకో మైసూర్‌పాక్ వేసుకోండి వదినగారూ" అని ప్లేటు ముందుకు తోసింది. సంబంధం కుదిరింది. ఆ ఏసీ గురించీ ఆ కారు గురించీ రెండు వైపులా ఇప్పటికీ ఎవరూ మాట్లాడుకోరు.

దీన్ని డాంబికం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ గదిలో అందరికీ భయమే, మమ్మల్ని తక్కువగా చూస్తారేమో, బేరం ఆడతారేమో, పిల్లకి రేపు మాట పడాల్సి వస్తుందేమో అని. రెండు నీరుకట్టెలు ఎదురెదురుగా మెడలు పలచగా చేసుకుని ఊగుతున్నాయి, అంతే. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి అరువు బూట్లతో వెళ్ళిన కుర్రాడు, కొత్తగా షాపు పెట్టి ఖాళీ డబ్బాలతో అరలు నింపేసిన వ్యాపారి, వీళ్ళ బాపతు కూడా ఇదే. అప్పులు చేసి ఐదు వందల మందికి భోజనాలు పెట్టే పెళ్ళిళ్ళు ఇందులోకి వస్తాయా అంటే, మొదలయ్యేది ఇక్కడే, కానీ పాము పడగ విప్పడానికి వడ్డీ కట్టదు, మనం కడతాం, అక్కడ శ్లోకం పనికి రాదు.

పంచతంత్రంలోనే దీనికి పూర్తి తిరగేసిన కథ ఇంకోటి ఉంది, కాకోలూకీయం అనే భాగంలో. మందవిషుడు అని ఒక ముసలి పాము. వేటాడే ఓపిక లేదు. చెరువు గట్టున దిగాలుగా కూర్చుంటుంది. కప్ప వచ్చి ఏంటలా ఉన్నావు అంటే, ఒక బ్రాహ్మణుడి కొడుకుని కాటేశాను, ఆయన నువ్వు కప్పలకి వాహనమైపో అని శపించాడు, మిమ్మల్ని మొయ్యడానికొచ్చాను అంటుంది. కప్పల రాజు జలపాదుడికి అది విని ఒళ్ళు పులకరించిపోయింది, పాము మీద సవారీ! ఎక్కాడు, వెనకే పరివారం ఎక్కింది. మర్నాడు పాము మెల్లగా పాకుతుంటే ఏంటి స్పీడు తగ్గింది అన్నాడు రాజు. తిండి లేదు ప్రభూ అంది. సరే చిన్న కప్పల్ని తిను అన్నాడు. ఇక చెప్పేదేముంది, చిన్నవి అయ్యాక పెద్దవి, చివరికి రాజుగారు. ఈ పాము పడగ విప్పలేదు, ముడుచుకుని తల వంచింది. దీనికి తెలుగులో నక్కవినయం అని సొంత మాట ఉంది, నంగనాచి వేషాలు అని కూడా అంటాం. పటాటోపం చేసేవాడు మనల్ని దూరం పొమ్మంటాడు కాబట్టి పెద్ద నష్టమేం లేదు, ఎక్కు బాబూ నా వీపెక్కు అనేవాడి దగ్గరే జాగ్రత్త పడాలి. ఎన్నికల ముందు ఇంటికొచ్చి ముసలమ్మ పక్కన గచ్చు మీద కూర్చుని ముద్ద తిని ఫోటో దిగే పెద్దమనుషుల్ని పటాటోపం అని పేపర్లు రాస్తుంటాయి, అది తప్పు మాట, వాళ్ళది మందవిషుడి బాపతు.

చివరగా స్పెల్లింగ్ సంగతి, ఎందుకంటే దీని మీద గొడవ పడేవాళ్ళున్నారు. పటాటోపం, ఫటాటోపం, ఘటాటోపం మూడూ కనపడతాయి. ఘటాటోపం అనేది ఉత్త తప్పేం కాదు, చాణక్య నీతి ప్రతుల్లో ఆ శ్లోకం చివర ఘటాటోపో భయంకరః అనే ఉంటుంది, ఘట అంటే గుంపు, మబ్బుల గుంపైనా ఏనుగుల గుంపైనా, వాన ముందు మబ్బులు కమ్ముకొచ్చినప్పుడు ఆ మాట బాగుంటుంది. పడగ అర్థమే కావాలంటే ఫటాటోపం రాయాలి. నేను మాత్రం పటాటోపం అనే రాస్తాను, తెలుగులో అలవాటైపోయింది అదే. టీవీల్లో కొందరు ఒత్తు పలకాలనే ఉత్సాహంలో ఫ్యాన్‌లో ఫ లాగా పలుకుతున్నారు, పై పళ్ళు కింది పెదవికి ఆనించి. ఆ అక్షరం అది కాదు, ఫలం, ఫణి అన్నప్పుడు పెద్దవాళ్ళు రెండు పెదాలూ మూసి గాలి వదిలి పలికేవాళ్ళే, ఆ ఫ అది. అది నోటికి రాకపోతే ప అనేసుకోండి, మన పాతవాళ్ళు చేసింది కూడా అదే.